రక్తం పోయిన మనిషికి రక్తపరీక్ష: హనుమకొండలోని ఒక ల్యాబు సేవలపై సమీక్ష

హనుమకొండలో నక్కలగుట్ట వైపు ఉన్న ఒక రక్తపరీక్షల కేంద్రానికి మా కుటుంబం నాలుగు నెలలకు పైగా వెళ్లి వస్తున్నది. మా బావగారికి కడుపులోని పుండు నుంచి రక్తం పోయిన రాత్రి మొదలుకొని మొన్నటి షుగర్ పరీక్ష దాకా ఆయన శాంపిళ్లన్నీ అక్కడికే వెళ్లాయి. మెచ్చుకోదగిన సంగతులతో పాటు లోపాలను కూడా చెప్పదలచుకున్నాను కనుక కేంద్రం పేరు రాయడం లేదు. ల్యాబు మంచిదా కాదా అన్నప్పుడు మనం సాధారణంగా రిపోర్టు ఎంత తొందరగా ఇస్తారు, ఎంత తీసుకుంటారు అనే రెండే చూస్తాము. ఒంట్లోంచి ఎక్కువ రక్తం పోయిన మనిషి విషయంలో వీటికంటే ముందు చూడవలసినది మరొకటి ఉన్నదని ఈ నాలుగు నెలల్లో నాకు తెలిసి వచ్చింది: ఆ రక్తం ఏ గంటకు తీశారు, ఏ చేతి నుంచి తీశారు, అంతకుముందు ఒంట్లోకి ఏమేమి ఎక్కించారు అన్న సంగతులను ల్యాబు అడిగి రాసుకున్నదా లేదా అన్నది.

బావగారిది పరకాల దగ్గరి పల్లె. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గోలీలను ఆయన మూడు నెలలుగా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నారు. మిరప ఏరే రోజులు కావడంతో ఆ గోలీలు లేనిదే చేనుకు పోలేని స్థితి. ఆ రోజు మధ్యాహ్నం విరేచనం తారులాగా నల్లగా వచ్చినా ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం ఏడు గంటలకు వాకిట్లోనే చెంబెడు రక్తం కక్కుకుని కళ్లు తిరిగి కూలబడ్డారు. పరకాలలోని ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోతే నాడి నిమిషానికి 118 కొట్టుకుంటున్నది, చేతులు చల్లబడ్డాయి. ఏడున్నరకు సీబీపీ కోసం, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష కోసం, రక్తం తీశారు. హిమోగ్లోబిన్ 12.9, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల పాలు) 39 శాతం అని వచ్చింది. మగవారికి హిమోగ్లోబిన్ 13 ఉండాలన్న హద్దుకు అది ఒక్క గీత తక్కువ, అంతే. "రక్తం మంచిగనే ఉన్నది, పొద్దున చూద్దాం" అన్నారు. ఆ మాట మీద రెండు గంటలు ఊరికే గడిచిపోయాయి. మళ్లీ కక్కుకున్న తరువాతే ఆత్మకూరు మీదుగా హనుమకొండకు బయలుదేరాము.

ఆ 12.9 తప్పు అంకె కాదు. మిషను కొలవవలసినది సరిగ్గానే కొలిచింది; ఆ అంకె నుంచి మనిషి స్థితిని అంచనా వేసిన తీరులోనే పొరపాటు జరిగింది. హిమోగ్లోబిన్ పరీక్ష ఒంట్లో మొత్తం ఎంత రక్తం ఉన్నదో చెప్పదు, ఒక డెసిలీటరు రక్తంలో ఆ పదార్థం ఎన్ని గ్రాములు ఉన్నదో మాత్రమే చెబుతుంది. కుండెడు చల్లలో సగం ఒలికిపోతే మిగిలిన చల్ల చిక్కదనం మారదు, అందులో నీళ్లు కలిసినప్పుడే పలచబడుతుంది. రక్తం పోయేటప్పుడు కణాలూ ద్రవమూ కలిసే పోతాయి కనుక మొదటి గంటల్లో నిష్పత్తి చెడదు. ఆ తరువాత సన్నటి రక్తనాళాల్లో ఒత్తిడి తగ్గి చుట్టూ ఉన్న కణజాలంలోని నీరు లోపలికి చేరుతుంది, మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి, మనం ఎక్కించే సెలైన్ దానికి తోడవుతుంది. అప్పుడు గాని హిమోగ్లోబిన్ తగ్గడం కనిపించదు. పూర్తిగా కిందికి దిగి నిలబడడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టవచ్చు. పెద్దవారికి కిలో బరువుకు సుమారు 70 మిల్లీలీటర్ల లెక్కన రక్తం ఉంటుందంటే, 70 కిలోల మనిషిలో ఉన్నది అయిదు లీటర్లకు కొంచెం తక్కువ. అందులో లీటరున్నర పోయినా తొలి గంటలో హిమోగ్లోబిన్ నిబ్బరంగానే కనిపించగలదు. ఆ సమయంలో మనిషి పరిస్థితిని చెప్పేవి నాడి వేగం, చల్లబడిన చేతులు, తగ్గిన మూత్రం, లేచి నిలబడితే పడిపోయే బీపీ.

హనుమకొండలో మేము చేర్చిన ఆసుపత్రిలో శాంపిళ్లను ఈ కేంద్రం మనుషులే వార్డుకు వచ్చి తీసుకుంటారు. రాత్రి పదకొండు దాటాక వచ్చిన టెక్నీషియన్ ఇరవై అయిదేళ్ల కుర్రవాడు. సూది తీయకముందే మూడు ప్రశ్నలు వేశాడు. "సార్, రక్తం ఎన్ని గంటలకు కక్కుకున్నరు? సెలైన్ ఎన్ని బాటిళ్లు పోయినయి? రక్తం ఏమన్న ఎక్కించిండ్రా?" మా జవాబులను ట్యూబు మీది చీటీపైనా, తన పుస్తకంలోనూ నిమిషాలతో సహా రాసుకున్నాడు. పరకాలలో ఎవరూ అడగని మాటలు ఇవి. ఆ తరువాత వచ్చిన ప్రతి రిపోర్టునూ అర్థం చేసుకోవడానికి ఆ రాత పనికి వచ్చింది.

తెల్లవారుజామున అయిదు గంటలకు హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. ఉదయం ఎండోస్కోపీలో పుండు కనిపించింది, క్లిప్పు వేసి రక్తాన్ని ఆపారు. అయినా సాయంత్రానికి అంకె 7.4కు దిగింది. మా అక్కకు గుండె ఆగినంత పనయింది. "రక్తం ఆగిందన్నరు గద తమ్ముడూ, మరి గిదెట్ల తగ్గుతున్నది?" అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు. ల్యాబు నంబరుకు ఫోన్ చేశాను. పాథాలజీ డాక్టరమ్మ స్వయంగా మాట్లాడారు. నాలుగు సమయాలను ఎదురుగా పెట్టుకుని, పోయిన రక్తం నిన్నటిదేననీ, ఒంట్లోని నీరు నాళాల్లోకి చేరే కొద్దీ అది ఇప్పుడు అంకెలో బయటపడుతున్నదనీ చెప్పారు. అదే సమయంలో మా మీద భరోసా రుద్దలేదు. "అంకె ఒక్కటి చూసి ఆగిందనీ అనలేము, ఆగలేదనీ అనలేము. నాడి ఎంత ఉన్నదో, విరేచనం ఏ రంగులో వస్తున్నదో మీ డాక్టరు చూస్తున్నారు, ఆయనను అడగండి" అన్నారు. నాడి 88కి వచ్చిందని తెలిశాక అక్క కాస్త కుదుటపడింది. ఫోన్ ఎత్తి ఇంత మాట్లాడే ల్యాబులు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు గాని, అయిదు నిమిషాల ఆ మాట ఆ రాత్రి మాకు మందుతో సమానమైంది.

ఈ కేంద్రం మీద నాకు నిజమైన గౌరవం కలిగినది మరునాటి ఉదయం. టెక్నీషియన్ రావడం ఆలస్యమైందని వార్డు సిబ్బందే రక్తం తీసి పంపారు. ఎడమచేతికి సెలైన్ పోతున్నది, సూది గుచ్చినది కూడా ఎడమచేతికే, డ్రిప్పు సూదికి నాలుగు అంగుళాల పైన. ఆ సమయంలో నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను, అందులో తప్పు ఉన్నదని నాకూ తోచలేదు. ముప్పావుగంటలో ల్యాబు నుంచి వార్డుకు ఫోన్ వచ్చింది. హిమోగ్లోబిన్ 4.6 వస్తున్నదనీ, ఆ రిపోర్టును తాము విడుదల చేయడం లేదనీ, డ్రిప్పు ఏ చేతికి ఉన్నదో చూసి చెప్పమనీ అడిగారు. అనుమానానికి కారణాన్ని డాక్టరమ్మ తరువాత కంప్యూటరు తెర మీద నాకు చూపించారు. నిన్నటి అంకెల పక్కన ఈ రోజు అంకెలు పెడితే ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ ఒకే పాళ్లలో, దాదాపు మూడో వంతు, పడిపోయాయి. పొటాషియం 2.2కు దిగింది, క్లోరైడ్ మాత్రం 124కు ఎగబాకింది. మామూలు సెలైన్‌లో సోడియం, క్లోరైడ్ లీటరుకు 154 చొప్పున ఉంటాయి, పొటాషియం అసలు ఉండదు. అంటే ట్యూబులో మూడో వంతు బావగారి రక్తం కాదు, సీసాలోని ఉప్పునీరు. రక్తం మళ్లీ పోతే క్లోరైడ్ అలా ఎగరదు. అదే గ్లూకోజు డ్రిప్పు అయి ఉంటే షుగర్ ఎక్కడో ఆకాశంలో కనిపించేదట.

పావుగంటలో ఆ కుర్రవాడు పరుగున వచ్చాడు. కుడిచేతికి పట్టీ కట్టి, నరం దొరకగానే పట్టీ వదులు చేసి, మొదట నీలం మూత ట్యూబు, తరువాత ఎర్ర మూతది, చివర ఊదా మూతది నింపాడు. ఆ వరుస మారకూడదని అప్పుడే తెలుసుకున్నాను. ఊదా ట్యూబులోని మందు పొటాషియం లవణం; దాని చుక్క ఎర్ర ట్యూబులో పడితే పొటాషియం పెరిగినట్టు, కాల్షియం తగ్గినట్టు కనిపిస్తుంది. రక్తం గడ్డకట్టే పరీక్షకు వాడే నీలం ట్యూబులో తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేటు (గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ఉండాలి కనుక గీత దాకా నింపాడు. వార్డువాళ్లు సగమే నింపి పంపిన నీలం ట్యూబును అంతకుముందే పక్కన పడేశారట. గడ్డకట్టిన శాంపిళ్లను, అరకొర శాంపిళ్లను తిప్పిపంపినప్పుడు మనకు విసుగు కలుగుతుంది, రెండోసారి సూది గుచ్చితే కోపం వస్తుంది. ఆ రోజు రెండోసారి గుచ్చినప్పుడు వచ్చిన అంకె 6.8. 4.6నే నమ్మి ఉంటే బావగారిని మళ్లీ ఎండోస్కోపీ గదికి తోసుకుపోయేవారు, అవసరం లేని రక్తం సంచులు ఎక్కేవి. 6.8 కూడా చిన్న సంగతి కాదు, రెండు యూనిట్ల ఎర్రకణాలు ఎక్కించారు. యూనిట్‌కు సుమారు ఒక గ్రాము పెరుగుతుందన్న లెక్కకు తగ్గట్టుగానే మరునాడు 8.7 వచ్చింది.

రక్తం ఎక్కించే ముందు జరిగిన మరో చిన్న పనిని ఇక్కడ చెప్పి తీరాలి. "ఐరన్, బీ12 పరీక్షలు తరువాత రాస్తరేమో సార్, ఇప్పుడే ఒక ట్యూబు ఎక్కువ తీసి పెడుతున్న" అన్నాడు కుర్రవాడు. ఇతరుల రక్తం కలిసిన తరువాత ఆ పరీక్షలు రోగి అసలు స్థితిని సరిగ్గా చెప్పవు. డాక్టరు మూడో రోజున ఆ పరీక్షలే రాశారు, పక్కన పెట్టిన ట్యూబు అక్కరకు వచ్చింది. ఇది డాక్టరు చీటీలో లేని పని, బిల్లులో చేరని పని.

మిగిలిన అంకెల్లో మమ్మల్ని ఎక్కువగా భయపెట్టినది యూరియా. మొదటి రోజు 78 వచ్చింది, కిడ్నీల పనిని చూపే మరో కొలత క్రియాటినిన్ మాత్రం మామూలుగా 1.0. కిడ్నీలు చెడిపోయాయని మా బంధువొకరు తేల్చేశారు. పేగుల్లోకి దిగిన రక్తం కూడా మాంసకృత్తే, అది అరిగి యూరియాగా మారుతుంది. దానికి తోడు రక్తం తగ్గినప్పుడు మూత్రపిండాలకు ప్రవాహం తగ్గి యూరియా వెనక్కి నిలుస్తుంది. పై కడుపులో రక్తస్రావమైనప్పుడు క్రియాటినిన్ మామూలుగా ఉండి యూరియా ఒక్కటే పెరగడం వైద్యులకు ఒక గుర్తు. నాలుగో రోజుకు 34కు వచ్చేసింది. తెల్లకణాలు 16,400 ఉన్నాయని ఇన్ఫెక్షన్ అనుకున్నాము. అంతటి దెబ్బ తగిలిన ఒంట్లో చీము లేకుండానే అవి గంటల్లో పెరగగలవు. లాక్టేట్ ఒక్కటే మొదటి రాత్రే నిజం చెప్పింది. రెండు లోపు ఉండవలసినది 4.6 ఉన్నది, అంటే కణాలకు ప్రాణవాయువు చాలడం లేదు. ఆ గంటలో హిమోగ్లోబిన్ ఇంకా 11 దగ్గరే ఉన్నది. పరకాలలో ఈ పరీక్ష చేసే వీలుండి ఉంటే ఆ రెండు గంటలు పోయేవి కావని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎనిమిదో రోజున రెటిక్యులోసైట్లు, అంటే ఎముక మజ్జ నుంచి అప్పుడే బయటికి వచ్చిన లేత ఎర్రకణాలు, ఏడు శాతం ఉన్నాయి. మజ్జ మేల్కొనడానికి మూడు నుంచి అయిదు రోజులు, పూర్తి ఊపు అందుకోవడానికి వారం, పది రోజులు పడుతుంది కనుక అది మంచి వార్త. రెండో రోజే ఆ పరీక్ష చేయించి తక్కువ వచ్చిందని దిగులుపడడంలో అర్థం లేదు. ఇంటికి వచ్చిన నెలకు, ఒంట్లోని ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ 14కు పడిపోయింది. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో సుమారు 3.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. లీటరున్నర రక్తం పోతే 600 మిల్లీగ్రాములకు పైగా ఇనుము పోయినట్టే. కొత్త కణాల తయారీకి మజ్జ మిగిలిన నిల్వను కూడా తోడుకుంటుంది. డాక్టరు ఐరన్ గోలీలు రాశారు.

ఇక షుగర్ సంగతి. బావగారికి పన్నెండేళ్లుగా షుగర్ ఉన్నది. రక్తం పోవడానికి ముందు చేసిన మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో (హెచ్‌బీఏ1సీ) 8.1 శాతం ఉండేది. ఆరు వారాల తరువాత చేయిస్తే 5.7 వచ్చింది. ఇంట్లో అందరమూ సంబరపడ్డాము, బావగారు ఒక మందు మానేద్దామనే అన్నారు. కాని ఇంట్లో మీటరులో పరగడుపున 150 నుంచి 170, తిన్న తరువాత 220 దాకా చూపుతున్నది. 5.7 అంటే సగటు షుగర్ 117 దగ్గర ఉండాలి. రెండూ నిజం కావడానికి వీల్లేదు. రిపోర్టు రెండో పేజీలో ల్యాబు ఒక గమనిక రాసింది. ఆరు వారాల కింద రక్తస్రావం జరిగినట్టు, రక్తం ఎక్కించినట్టు తమ పుస్తకంలో ఉన్నదనీ, ఈ విలువను షుగర్ అదుపునకు కొలతగా తీసుకోవద్దనీ, ఫ్రక్టోసమిన్ చేయించడం మేలనీ దాని సారాంశం. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, ఆ రోజులన్నిటా దాని మీద చక్కెర పేరుకుంటూ ఉంటుంది. పాత కణాలు పోయి లేతవి వచ్చినప్పుడు, పైగా ఇతరుల కణాలు కలిసినప్పుడు, ఆ పేరుకున్న చక్కెర తక్కువగా కనిపిస్తుంది. ఇనుము లోపం ఒక్కటే ఉంటే విలువ పెరిగి కనిపించే వీలు కూడా ఉన్నదట. ఒకే మనిషిలో రెండూ ఉన్నప్పుడు ఆ అంకె ఎటు వంగిందో చెప్పడం కష్టం. ఫ్రక్టోసమిన్ గత రెండు మూడు వారాల షుగర్‌ను రక్తంలోని ప్రొటీన్ ద్వారా చూపుతుంది, ఎర్రకణాలతో దానికి పని లేదు. అది 340 వచ్చింది, పై హద్దు 285. మందు మానేయలేదు.

ఇంత చేసిన కేంద్రంలో లోపాలు కూడా చిన్నవి కావు. ఆ గమనిక రెండో పేజీ అడుగున సన్నటి ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నది; మా అక్క వంటి వారు దాన్ని చూడనే చూడరు, చూసినా చదవలేరు. రెండు వాక్యాలు తెలుగులో మొదటి పేజీలోనే వేయడానికి కాగితం చాలకపోదు. వాట్సాప్‌లో వచ్చే రిపోర్టు మీద రక్తం తీసిన సమయం ఉండదు, రిపోర్టు తయారైన సమయమే ఉంటుంది. చేతిరాతతో అంత శ్రద్ధగా రాసుకున్న నిమిషాలు రోగి చేతికి వచ్చే కాగితం నుంచి మాయమైపోతున్నాయి. ఒక రాత్రి నాలుగు రిపోర్టులు వచ్చినప్పుడు ఏది ముందో, ఏది వెనకో తెలియక డ్యూటీ డాక్టరు ఫోన్ చేసి అడగవలసి వచ్చింది. రక్తం పోతున్న రోగి విషయంలో ఇది ప్రాణం మీదికి వచ్చే లోపమని కౌంటర్‌లో రాసి ఇచ్చాను. పాత అంకెలన్నిటినీ ఒకే వరుసలో చూపే పట్టిక డాక్టరమ్మ తెర మీద ఉన్నది, మనకు మాత్రం ఇవ్వరు. ఫ్రక్టోసమిన్ హైదరాబాద్‌కు పంపి చేయించాలి కనుక మూడు రోజులు పట్టింది, 650 రూపాయలు తీసుకున్నారు. సీబీపీకి 300. ఇంటికి వచ్చి తీసుకుపోతే 100 అదనం, అయితే ఆ సౌకర్యం పరకాల దాకా లేదు. ఆదివారం మధ్యాహ్నం తరువాత కౌంటర్‌లో మనిషి దొరకడు. ఇక్కడ చేయించవచ్చునా అని అడిగేవారికి, ముఖ్యంగా ఆపరేషన్ తరువాత, కాన్పు తరువాత, రక్తస్రావం తరువాత పరీక్షలు చేయించుకునేవారికి, తప్పకుండా చేయించుకోండనే చెబుతాను. రక్తం తీసిన సమయాన్ని మాత్రం మీరే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

రక్తం ఎక్కించి 120 రోజులు దాటాక మొన్న బావగారిని మళ్లీ తీసుకుపోయాము. అదే కుర్రవాడు ముందుగా అడిగినది, చివరిసారి రక్తం ఎక్కించిన తేదీ. హిమోగ్లోబిన్ 13.4, ఫెరిటిన్ 62 వచ్చాయి. మూడు నెలల షుగర్ 7.9, అంటే సగటు 180. ఇంటి మీటరు చూపే అంకెలతో అది ఈసారి సరిపోయింది. డాక్టరు షుగర్ మందు మోతాదు పెంచారు, కడుపులో పుండు తెచ్చిపెట్టిన మోకాళ్ల గోలీలను పూర్తిగా మాన్పించారు.